పాత కారు అమ్ముకొనేవారికి

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుప్రక్కల పల్లెలలో కొన్ని ఇళ్ళ వెనుక, గడ్డివాము ప్రక్కనో రేకుల షెడ్డు క్రిందనో, పాత అంబాసిడర్ కారు నిలిచిపోయి ఉంటుంది. దానిని కొన్న పెద్దాయన ఉండడు, నడిపే వారుండరు. పిల్ల చదువుకో, ఇంట్లో ఒకరి వైద్యానికో డబ్బు కావలసి వచ్చినప్పుడు అది గుర్తుకు వస్తుంది. అటువంటి కుటుంబాల కొరకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో 1957 నుండి 2014 వరకు ఈ కారును తయారుచేశారు. ఇక క్రొత్తవి రావు గనుక పాతవాటిని బాగుచేయించి అపురూపంగా ఉంచుకొనేవారు ఉన్నారు. వారు వెదకేది పైమెరుగు కాదు, కారుతో వచ్చిన అసలు సామాను. కనుక ఊడిపోయిన గ్రిల్లు, మీటర్లు, చక్రాల మూతలు పాత ఇనుము వానికి వేయకండి. గోనెసంచిలో కట్టి కారుతోపాటు ఇవ్వండి.

మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. తుప్పు త్వరగా పడుతుంది. లారీకి ఉన్నట్లు ఈ కారుకు అడుగున వేరే ఛాసిస్ లేదు; బాడీయే బరువంతా మోస్తుంది. అడుగు రేకు, తలుపుల క్రింది భాగం తినివేసి ఉంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, ప్రాణానికి సంబంధించినది. దానిపై లప్పం పెట్టి రంగు వేయించి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. కాని కొన్నవాడు భార్యాబిడ్డలను ఎక్కించుకొని రోడ్డెక్కుతాడు. అందుచేత మెకానిక్‌కు చూపించి, ఇంజన్, బ్రేకులు, వైరింగు, తుప్పు సంగతి కాగితంపై వ్రాసి కొనేవారి చేతికివ్వండి. ధర తగ్గినా తగవు రాదు.

ఖర్చు కలిసివస్తుందని పెట్రోలు ఇంజన్ తీసి డీజిలు ఇంజన్ వేయించి ఉంటే ఆ సంగతి కూడా దాచవద్దు. ఆర్.సి. బుక్కులోని నెంబర్లు బండి మీది నెంబర్లతో సరిపోవాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని కార్లకు వింటేజి రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. అయితే అటువంటి కారును రోజువారీ తిరుగుళ్ళకు వాడరాదు. మామూలు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆ తరువాత అయిదేళ్ళకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది పేరు మార్పు. యజమాని చనిపోయి ఉంటే ముందుగా వారసుల పేరుకు మార్పించుకోవాలి. అమ్మిన తరువాత 29, 30 నెంబరు ఫారములు నింపి, రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. డబ్బు ముట్టింది, బండి వెళ్ళిపోయింది అని ఊరుకొంటే చాలదు. కారు చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే వారే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. మీరు ఎన్నడూ చూడని రోడ్డు మీద జరిగిన ప్రమాదానికి మీ పొలం అమ్ముకోవలసిన గతి రాకూడదు.

లోపాలు వ్రాసిన కాగితం కొన్నవారిని కాపాడుతుంది. పేరు మార్పు అమ్మినవారిని కాపాడుతుంది. ఈ రెండూ అయిన తరువాతనే తాళం చెవి ఇవ్వండి.