రాతి పుట్టగొడుగు

బాలలారా! మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలకు సముద్రము మిక్కిలి దూరము. అయినను తొలకరి వానలకు పుట్టలపై లేచు పుట్టగొడుగును మీరందరు ఎరుగుదురు. దాని గొడుగును తలక్రిందుగా పట్టి చూచినచో, నడుమనుండి అంచువరకు సాగిన పలుచని రేకులు కనబడును. అట్టి రూపమునే రాతితో నిర్మించుకొను జంతువొకటి అండమాను సముద్రమున కలదు. దాని శాస్త్రనామము ఫంజియా. లాటిను భాషలో ‘ఫంగస్’ అనగా పుట్టగొడుగు.

పగడమును పూర్వులు కొందరు రాయి యనిరి, కొందరు చెట్టనిరి. 18వ శతాబ్ది తొలి పాదమున పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు, పగడపు ‘పువ్వులు’ ముట్టగానే ముడుచుకొనుట గమనించి, అవి జంతువులని చెప్పెను. నాటి పండితులు వెంటనే అంగీకరింపలేదు. తుదకు ఆయన మాటయే నిలిచినది.

రాతి పగడములలో పెక్కు జాతులు గుంపులుగా పెరిగి దిబ్బలు కట్టును. ఫంజియా మాత్రము ఒంటరి. దానికి ఒక్కటే నోరు, ఒక్కటే పంజరము. మన ఎముకలు దేహము లోపల నుండును. దీని పంజరమును దేహపు అడుగుపొర తన క్రిందుగా కట్టుకొనును. మంచిర్యాల ప్రాంతపు సున్నపురాతియందలి కాల్షియం కార్బొనేటే దీని పదార్థము. స్ఫటికముల అమరిక మాత్రము వేరు.

పంజరము నడుమ ఒక పల్లము కలదు. నోటికి చోటు దానిపైననే. అచటినుండి బండిచక్రపు ఆకులవలె నిలువు పలకలు అంచునకు సాగును. మొదట 6 పలకలు, వాని సందులలో మరి 6, పిదప 12, ఆపైన 24. ఇట్లు జంతువు పెరిగినకొలది క్రొత్త పలకలు పాతవాని నడుమ పుట్టును. పలకల అంచున రంపపు పండ్లవంటి మొనలుండును. చిన్న అడ్డుకమ్ములు పలకను పలకతో బిగించును. కరీంనగరపు వెండితీగె పనియందువలెనే, ఇచటను కొద్ది పదార్థముతో గట్టితనము సమకూరును.

శైశవమున ఇది చిన్న కాడతో రాతి నంటియుండును. పెరిగిన పిమ్మట కాడయొద్ద సున్నము కరగి, పళ్లెము ఊడిపోవును. అటుపై ఇసుకమీదనే దాని జీవనము.

దీని దేహమున నివసించు సూక్ష్మశైవలములు సూర్యకాంతితో ఆహారము సమకూర్చును. సముద్రము వేడెక్కినచో అవి తొలగిపోవును. పగడము తెల్లబారి, ఆకలికి చచ్చిపోవుటయు కలదు. లక్షదీవుల పగడములకు 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్టి ఆపద కలిగెను. బొగ్గును మండింపగా వెలువడు బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించుటయేగాక, సముద్రమున కరగి, ఈ జీవి సున్నము కట్టుకొనుటను కష్టతరము చేయుచున్నది.

2001లో రాతి పగడములన్నియు వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలున చేర్చబడినవి. కావున సముద్రమునకు పోయినపుడు దానిని కన్నులార చూడుడు, ఏరి తేకుడు. గోదావరి తీరపు బొగ్గుపొగ సముద్రగర్భపు చిన్నజీవికిని తగులునని మరువకుడు.