కోత మిషను వచ్చె, కూలి పని పోయె - అందరికీ కనీస ఆదాయమన్న మాటలో సారమెంత?

 

ఎప్పుడూ విత్తనం గురించో, ఎరువు గురించో, తెగులు గురించో మాట్లాడుకుంటాం. ఈసారి పొలంలో పనిచేసే మనిషిని గురించి మాట్లాడుకుందాం. యంత్రాలు వచ్చిన తరువాత కూలి చేసుకొని బ్రతికేవారి గతి ఏమిటి? పని ఉన్నా లేకున్నా ప్రతి మనిషికీ నెలనెలా ఇంత సొమ్ము ఇవ్వవలెనని కొందరు పెద్దలు అంటున్నారు. ఆ మాటలో గింజ ఎంత, తాలు ఎంత? చెరిగి చూద్దాం.

మీలో చాలామంది ఎల్.బి. నగర్ చౌరస్తా చూసే ఉంటారు. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడ వైపునుంచి వచ్చేవారికి అది పట్నం గుమ్మం. అక్కడినుంచి కొత్తపేట దాటితే దిల్‌సుఖ్‌నగర్. బత్తాయి, మామిడి రైతులకు కొత్తపేట పండ్ల మార్కెట్టు తెలియనిది కాదు. 2021లో దానిని అక్కడినుంచి తీసివేసి బాటసింగారానికి తరలించినారు.

పొద్దున ఆరు, ఏడు గంటలకు ఆ చౌరస్తా దగ్గర నిలబడండి. చేతిలో పార, తాపీ, సద్ది డబ్బా పట్టుకొని ఆడవాళ్లు, మగవాళ్లు నిలబడి ఉంటారు. దానినే కూలీల అడ్డా అంటారు. మేస్త్రీ వచ్చి పిలిస్తే ఆ దినానికి పని. తొమ్మిది, పది దాటినా ఎవరూ పిలవకపోతే సద్ది తిని ఇంటిదారి. అంతే.

శిక్షణ కోసం పట్నం వెళ్లిన ఒకనాడు ఆ అడ్డా మీద మా మండలానికి చెందిన ఒక జంట నన్ను గుర్తుపట్టింది. 

"ఏం అక్కా, ఇక్కడున్నారేమి?" అన్నాను.

"ఊర్లె ఏమున్నది సారూ? కోతకు మిషనొచ్చె, కలుపుకు మందొచ్చె. నాట్లప్పుడు పది పదైదు దినాలు పనుంటది. మిగిలిన దినాలు ఎట్ల ఎళ్లాలె? భూమి ఉన్నోళ్లకు సర్కారు పైసలు బ్యాంకుల పడ్తయి. మాకు భూమి లేకపాయె. కోత మిషను మంచిదని మీటింగుల జెప్పింది మీరే గద సారూ!"

ఆమె కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం జవాబు తోచలేదు. ఈ ప్రసంగం ఆ జవాబు కోసమే.

మొదట యంత్రం లెక్క చూద్దాం. ఒక ఎకరం వరి కోసి, కట్టలు కట్టి, కల్లానికి చేర్చి, కుప్ప కొట్టి, తూర్పార పట్టాలంటే పది, పదిహేను మంది దినకూలీలు కావలసి ఉండేది. కోత మిషను ఆ పనినంతా ఒక గంట, గంటన్నరలో ముగిస్తుంది. మందు చల్లే డ్రోన్ ఎకరానికి పది నిమిషాలు కూడా తీసుకోదు. నేనా మీటింగులో చెప్పినది అబద్ధం కాదు. వాన ముంచుకొస్తున్నప్పుడు పంట దక్కించుకొనుటకు మిషనే దిక్కు. కోత రోజుల్లో కూలీలు దొరకరన్నది కూడా నిజమే.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. ఒకవంక మన కూలీలు పట్నం పోతున్నారు. మరొకవంక నాట్ల కాలంలో బీహారునుంచి, బెంగాలునుంచి ముఠాలు మన ఊళ్లకు వస్తున్నవి. ఇదెట్లా? నాట్లన్నీ ఒకేసారి వస్తాయి. ఆ రెండు వారాలు ఎంతమంది ఉన్నా చాలరు. గుత్తకు వచ్చిన ముఠా త్వరగా ముగించి మరో ఊరికి పోతుంది. ఊళ్లో ఉన్న కూలికి మాత్రం ఏడాది పొడుగునా కడుపు నిండాలి. అనగా కొరత పనికాలంలో, ఖాళీ మిగతా కాలంలో. యంత్రం కొరతను తీర్చింది, ఖాళీని పెంచింది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పట్నంలో యంత్రం లేదా అంటే, అక్కడా ఉన్నది. ఎల్.బి. నగర్ నుంచి విజయవాడ రోడ్డున పోతే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వస్తుంది. ఒకప్పుడు ప్రతి వరుసలోనూ మనిషి కూర్చొని చిల్లర లెక్కపెట్టేవాడు. 2021 ఫిబ్రవరినుంచి దేశమంతటా ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. అద్దానికి అతికించిన చీటీని యంత్రమే చదివి డబ్బు తీసుకుంటుంది. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు వచ్చినది. దాని టికెట్టు ఇప్పుడు ఫోనులోనే కొంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో హాస్టళ్లలో ఉండి కంప్యూటరు కోర్సులు, బ్యాంకు పరీక్షల కోచింగు తీసుకొనే పిల్లల్లో మన రైతు బిడ్డలు ఎందరో ఉన్నారు. వారు నేర్చుకొనే పనిలో కూడా కొంత భాగాన్ని నేడు కృత్రిమ మేధ చేయగలుగుతున్నది.

2016లో ప్రపంచ బ్యాంకు తన అభివృద్ధి నివేదికలో, వర్ధమాన దేశాల ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు సాంకేతికంగా యంత్రాల పాలు కాగలవని చెప్పింది. ఆ వెంటనే మరొక మాట కూడా చెప్పింది. కూలి తక్కువగా ఉన్నచోట యంత్రం త్వరగా రాదు, కాబట్టి అంత నష్టం ఒక్కసారిగా జరగదు. పత్తి ఏరుటే చూడండి. మన పొలాల్లో ఇప్పటికీ అది ఆడవాళ్ల చేతి పనే. కాబట్టి రేపే అందరి పనీ పోతుందని బెంగ పడవద్దు. ఎన్నటికీ పోదని నిద్రపోవద్దు.

ఇక ఆదాయం సంగతి. "సార్వత్రిక కనీస ఆదాయం" అన్న పేరు పెద్దదే గాని, భావం చిన్నదే. దానికి నాలుగు గుర్తులు. ఒకటి, ఉన్నవాడు లేనివాడు అనక అందరికీ ఇవ్వాలి. రెండు, వస్తువుగా కాక నగదుగా ఇవ్వాలి. మూడు, ఒక్కసారి కాదు, క్రమం తప్పక ఇవ్వాలి. నాలుగు, ఈ పని చేస్తేనే ఇస్తామన్న షరతు ఉండరాదు. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా అది వేరే పథకమే.

ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. 1797లోనే టామస్ పెయిన్ అను ఇంగ్లీషు రచయిత ఇట్లా వాదించినాడు: భూమి మొదట అందరి సొత్తు, కొందరు దాన్ని సొంతం చేసుకున్నందుకు మిగతావారికి పరిహారం ఇవ్వవలెను. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో చమురు ఆదాయంతో ఒక నిధి పెట్టి, 1982నుంచి ఏటా అక్కడి ప్రజలందరికీ వాటా పంచుతున్నారు.

మన దేశంలోనూ ప్రయోగం జరిగింది. 2011లో మధ్యప్రదేశ్‌లోని కొన్ని గ్రామాల్లో 'సేవా' మహిళా సంఘం, యునిసెఫ్ సాయంతో, పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చింది. తరువాత వాటిని 300కు, 150కి పెంచింది. ఏమైంది? పిల్లల తిండి మెరుగైంది. బడికి పోవుట పెరిగింది. కొందరు మేకలు, కోళ్లు కొన్నారు. కూలికి పోయేవారు కొందరు సొంత చేనులో ఎక్కువ పని చేసుకున్నారు. సొమ్మంతా సారాకు పోతుందన్న భయం నిజం కాలేదు. అయితే ఇది కొద్ది ఊళ్లలో, ఏడాదీ ఏడాదిన్నర మాత్రమే జరిగిన పరీక్ష అని మరువరాదు. ఒక మడిలో పండిన విత్తనం ఊరంతా పండుతుందని ముందే చెప్పలేం గదా!

2017 జనవరిలో కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక సర్వే కూడా ఈ విషయానికి ఒక అధ్యాయం కేటాయించింది. మనిషికి ఏడాదికి 7,620 రూపాయల లెక్కను చూపి, దీనిపై ఇంకా చర్చ జరగవలెనన్నది. అమలు మాత్రం కాలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. మొదట ఎకరాకు పంటకు 4,000, తరువాత 5,000 రూపాయలు. ఏ పంట వేయాలన్న షరతు లేదు, అప్పులా తీర్చే పని లేదు. నగదు, క్రమం, షరతు లేకపోవుట - మూడు గుర్తులు ఇందులో కలిసినవి. తప్పినది మొదటిదే. ఇది మనిషిని చూసి కాక, పట్టా పాసు పుస్తకాన్ని చూసి ఇచ్చిన సొమ్ము. పదెకరాల ఆసామికి రెండెకరాల రైతుకన్న అయిదింతలు ముట్టింది. కౌలుకు చేసేవాడు నాగలి పట్టినా, సొమ్ము పట్టాదారు పేరనే పడింది. కూలికి ఏమీ లేదు. కేంద్రం 2019లో ప్రారంభించిన పీ.ఎం. కిసాన్ ఎకరాల లెక్క లేకుండా రైతు కుటుంబానికి ఏటా 6,000 ఇస్తున్నది. అయితే దానికీ భూమి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసాలో కొన్ని వర్గాల కౌలుదారులను కూడా చేర్చినారు. అది గమనించదగిన అడుగు.

2025 జనవరి 26న తెలంగాణలో రెండు పథకాలు ఒకేనాడు వచ్చినవి. రైతు భరోసా కింద సాగు భూమికి ఎకరాకు ఏడాదికి 12,000. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమి లేని వ్యవసాయ కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000. అయితే కూలీ కుటుంబం 2023-24లో కనీసం 20 దినాలు ఉపాధి హామీ పని చేసి ఉండాలన్నారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. అడ్డా మీద నాకు కలిసిన అక్క ఊరిలో పని లేకనే పట్నం వచ్చింది. పట్నంలో ఉన్నందున ఊరి హాజరు పట్టీలో ఆమెకు 20 దినాలు పడవు. ఎవరికి పని పోయిందో వారే జాబితాలో జారిపోయే ప్రమాదం ఉన్నది. షరతు లేకుండా అందరికీ ఇవ్వాలనేవారి వాదానికి బలం ఇక్కడే.

మరి అందరికీ ఇస్తే ఎంత అవుతుంది? వేళ్ల మీద లెక్కిద్దాం. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభా సుమారు మూడున్నర కోట్లు. మనిషికి నెలకు 1,000 రూపాయలంటే నెలకు 3,500 కోట్లు, ఏడాదికి 42,000 కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్టు సుమారు 3,05,000 కోట్లు. అనగా ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి ఏడు రూపాయల్లో దాదాపు ఒక రూపాయి. అసాధ్యమనలేం, తేలికనలేం. ఆ రూపాయి ఎక్కడినుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. రేషను బియ్యం, బడి, దవాఖానా తగ్గించి తెచ్చినట్లయితే, కుడిచేత ఇచ్చి ఎడమచేత గుంజుకున్నట్లే. బియ్యం ధర పెరిగితే నగదు విలువ తరుగుతుంది. రేషను కిలో మాత్రం కిలోగానే ఉంటుంది.

"ఊరికే సొమ్మొస్తే కూలికి ఎవరొస్తారండీ?" అని రైతులు అడుగుతారు. ఆ భయం అర్థం లేనిది కాదు. నెలకు 1,000తో ఇల్లు గడవదు గనుక పని మానరు. కాని అగ్గువ కూలికి తల వంచరు, కొంచెం బేరమాడగలరు. రెండెకరాల రైతుకు అది భారమే. అయితే ఆ రైతు ఇంట్లో నలుగురుంటే వారికీ నెలకు 4,000 వస్తుంది. లెక్కకు రెండు పక్కలూ చూడవలెను.

ఎల్.బి. నగర్‌నుంచి గంట ప్రయాణంలో పోచంపల్లి ఉన్నది. 1951 ఏప్రిల్ 18న అక్కడి దళిత కుటుంబాలు వినోబా భావే గారిని 80 ఎకరాలు అడిగినవి. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలిస్తానని లేచినారు. భూదానోద్యమం అట్లా పుట్టింది. నాడు పేదవాడు బ్రతుకుటకు భూమి అడిగినాడు. భూమి సాగదీస్తే సాగేది కాదు. నేడు అదే పేదవాడి మనుమరాలు ఆదాయం అడుగుతున్నది. యంత్రం మిగిల్చిన లాభంలో తన పాలేదని అడుగుతున్నది. అది భిక్ష కాదు, న్యాయమైన ప్రశ్నే.

ప్రభుత్వాలు తేల్చేదాకా మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నవి.

రైతు సోదరులారా! నలుగురు కలిసి మిషను అద్దెకు తెచ్చుకోండి. దాని డ్రైవరుగా, మరమ్మతు చేసేవానిగా మీ ఊరి కూలీ బిడ్డనే తయారు చేయండి. 2023 నవంబరులో కేంద్రం మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకం మంజూరు చేసింది. నడుపుట నేర్చుకున్న చెల్లెలికి మీ చేను పని ముందుగా ఇవ్వండి.

కూలీ సోదరీ సోదరులారా! పట్నం పోయేముందు ఊరి కాగితాలు సరిచూసుకోండి. అడ్డా కూలీలు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు వ్రాయించుకోవచ్చును. వయసు 18కి పైబడి 60 లోపు ఉండి, గడచిన ఏడాదిలో 90 దినాలు ఆ పని చేసి ఉండాలి. 2021నుంచి ఈ-శ్రమ్ కార్డు కూడా ఇస్తున్నారు. పేరు లేనివారు ఏ లెక్కలోకీ రారు.

తోటి విస్తరణ మిత్రులారా! పంట నమోదు చేసేటప్పుడు పాసు పుస్తకంతో సరిపెట్టక, సాగు చేసే మనిషి ఎవరో అడిగి తెలుసుకోండి. యంత్రాల మీద మీటింగు పెట్టినప్పుడు కూలీలను కూడా పిలవండి. నేను నా మీటింగుకు పిలవలేదు. ఆ తప్పు నాదే.

ఎల్.బి. నగర్‌కు పేరిచ్చిన లాల్ బహదూర్ శాస్త్రి గారు 1965లో జై జవాన్, జై కిసాన్ అన్నారు. ఆయన పేరున్న చౌరస్తాలోనే తెల్లవారక ముందే సద్ది కట్టుకొని నిలబడినవారు మూడవవారు. ఆ అక్క మళ్లీ కనపడితే, "మిషను మంచిదే అక్కా, దాని మేలు నీదాకా రాలేదు, రావలెను" అని చెబుతాను. రావడానికి దారి ఏదో మీరు కూడా ఈ రాత్రి రచ్చబండ దగ్గర ఆలోచించండి.