పాత జాయింటర్‌లో తప్పు ఎక్కడుందో చెక్కే చెబుతుంది

చేతి చిత్రికను వెల్లకిలా తిప్పి, దాని బ్లేడుకు మోటారు తగిలిస్తే దాదాపు జాయింటర్ అవుతుంది. చిత్రిక చెక్క మీద నడుస్తుంది, ఇక్కడ చెక్కే యంత్రం మీద నడుస్తుంది. మన దగ్గర దీన్ని సర్ఫేస్ ప్లేనర్ అనీ, రంద మిషన్ అనీ అంటారు. చెక్కను తోసే వైపున్నది ఇన్‌ఫీడ్ బల్ల, కోత పడిన చెక్క ఎక్కేది అవుట్‌ఫీడ్ బల్ల, రెంటి మధ్యా తిరిగేది కట్టర్ హెడ్. అమెరికాలో ఇంటి గ్యారేజీలోనే చెక్కపని చేసుకునేవాళ్ళ మధ్య డెల్టా, పవర్‌మాటిక్, సియర్స్ వారి క్రాఫ్ట్స్‌మన్ పేర్లున్న ఆరంగుళాల జాయింటర్లు దశాబ్దాలుగా చేతులు మారుతున్నాయి. అక్కడ స్థిరపడి ఈ పని మీద మక్కువ పెంచుకున్న తెలుగువాళ్ళకు కూడా తక్కువ ధరకు దొరికేది ఇలాంటి పాత యంత్రమే. ఇంటికి తెచ్చాక అంచు తిన్నగా రాకపోతే చాలామంది మొదట కొత్త బ్లేడ్లు కొంటారు. ఆ వరస తప్పని నా అభిప్రాయం. కోత నునుపుగా రావడం బ్లేడ్ల మీద ఆధారపడుతుంది. అంచు తిన్నగా రావడం మాత్రం బల్లల మీద, బల్లకూ బ్లేడుకూ ఉన్న ఎత్తు తేడా మీద ఆధారపడుతుంది. వంకర అంచు వస్తున్న యంత్రానికి పదును పెట్టించినందువల్ల వచ్చేది నునుపైన వంకర అంచే.

అన్నిటికంటే ముందు చూడవలసింది అవుట్‌ఫీడ్ బల్ల ఎత్తు. బ్లేడు తిరుగుతూ అందుకునే అత్యంత ఎత్తైన చోటుకు ఆ బల్ల సరిసమానంగా ఉండాలి. బల్ల కిందికి ఉంటే, చెక్క తోక ఇన్‌ఫీడ్ బల్లను వదిలిన క్షణంలో కట్టర్ మీదికి జారి, చివరి రెండు మూడంగుళాల్లో గుంట పడుతుంది. బల్ల పైకి ఉంటే ముందు కొస దాని అంచుకు తగిలి ఆగిపోతుంది. ఎక్కువ ఎత్తు కాకుండా వెంట్రుకవాసి మాత్రమే ఎత్తుంటే చెక్క ఎలాగో ఎక్కుతుంది గానీ కోత తగ్గుతూ పోయి, అంచు ఒక కొసకు వాలుగానో మధ్యలో ఉబ్బుగానో తేలుతుంది. ఇది సరిచూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ప్లగ్గు పీకేసి, అవుట్‌ఫీడ్ బల్ల మీద తిన్నని చెక్క బద్ద ఒకటి కట్టర్ మీదికి వచ్చేలా పెట్టి, హెడ్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. బ్లేడు బద్దను కొద్దిగా పట్టుకుని రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు లాగితే ఎత్తు సరిపోయినట్టే. బ్లేడుకు ఆ చివరా ఈ చివరా, ప్రతి బ్లేడు దగ్గరా బద్ద జరిగే దూరం ఒక్కలాగే ఉండాలి. పాత క్రాఫ్ట్స్‌మన్ యంత్రాల్లో చాలావాటికి అవుట్‌ఫీడ్ బల్ల కదలదు. అలాంటి వాటిలో బ్లేడ్లనే బల్ల ఎత్తుకు అమర్చుకోవాలి.

బ్లేడు అరిగినా ఆకారం చెడుతుంది కదా అని ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. అది న్యాయమైనదే. పదును అరిగేకొద్దీ బ్లేడు అందుకునే ఎత్తు తగ్గి, దానితో పోలిస్తే బల్ల ఎత్తైపోతుంది. అయితే అప్పుడు కూడా చెడింది బల్లకూ బ్లేడుకూ మధ్య సంబంధమే. కొత్త బ్లేడ్లు బిగించినా ఆ సంబంధాన్ని మళ్ళీ కొలిచి కుదర్చకపోతే తప్పు అలాగే ఉంటుంది.

ఆ తరువాత చూడవలసింది రెండు బల్లలూ ఒకే మట్టంలో, సమాంతరంగా ఉన్నాయా అని. సెకండ్‌హ్యాండ్ యంత్రాల్లో చిక్కంతా ఇక్కడే ఉంటుంది. బల్లలు వాలు గాడుల మీద జారుతూ పైకీ కిందికీ కదులుతాయి. ఆ గాడుల్లో పాత గ్రీజు, రంపపు పొట్టు కలిసి గట్టిపడటం వల్లనో, గాడిని బిగించి ఉంచే ఇనుప పట్టీ స్క్రూలు వదులవడం వల్లనో బల్లల బయటి కొసలు కిందికి వాలుతాయి. వాలితే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. కట్టర్ దగ్గర ఎత్తుగా, రెండు కొసల వైపూ పల్లంగా ఉన్న దారి మీద చెక్క నడిస్తే అంచు మధ్యలో లోతుగా తెగుతుంది. కొసలు ఎత్తుగా ఉంటే దీనికి తలకిందులుగా అంచు మధ్యలో ఉబ్బుతుంది. రెండు పలకల అంచులు తీసి, ఒకదాని అంచు మీద మరొకటి నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తప్పు రెట్టింపై కనిపిస్తుంది. మధ్యలో సందుంటే బల్లలు వాలినట్టు. రెండు చివర్లా సందు కనిపించి పై పలక ఊగుతుంటే కొసలు లేచినట్టు. గాడులు కిరోసిన్‌తో శుభ్రం చేసి స్క్రూలు ఒక్కొక్కటే బిగిస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే గాడిలో పలచని ఇత్తడి రేకు పెట్టాలి. కూల్‌డ్రింక్ డబ్బా రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు కాబట్టి అదీ పనికొస్తుంది.

యంత్రం మీద నింద వేసేముందు చేతుల్ని కూడా పరీక్షించాలి. వంపున్న పలకను ఇన్‌ఫీడ్ బల్ల మీద గట్టిగా నొక్కితే అది కాసేపు తిన్నబడి, అలాగే తెగి, చెయ్యి తియ్యగానే మళ్ళీ పాత వంపుకు వస్తుంది. అలాంటప్పుడు బల్లల్ని ఎంత సరిచేసినా ఫలితం ఉండదు. ముందు కొస కట్టర్ దాటాక చేతి బరువును అవుట్‌ఫీడ్ బల్ల మీదికి మార్చాలి, ఎందుకంటే తిన్నగా తెగిన భాగమే తక్కిన భాగానికి దారి. అడుగు కంటే పొట్టి చెక్కను జాయింటర్ మీద పెట్టనే కూడదు.

చెక్క అన్నది ఎలాగూ తడికీ ఎండకీ కదిలే పదార్థం, దానికి మిల్లీమీటరులో పదో వంతు లెక్కలెందుకని ఇంకొందరు అంటారు. చెక్క కదిలేది ప్రధానంగా అడ్డంగా. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. సాధారణంగా చెక్క నిలువునా తగ్గేది 0.1 నుంచి 0.2 శాతమే. అంచుకు అంచు అతికేటప్పుడు పొడవునా కనిపించే సందును తేమ మీదికి నెట్టడం అందుకే కుదరదు. లోపల బిగువున్న చెక్క కోత పడ్డాక వంగుతుందన్నది నిజమే. కాబట్టి పరీక్షకు బాగా ఆరిన, నార తిన్నగా ఉన్న చెక్కనే ఎంచుకోవాలి, అతుకు పనిని అంచు తీసిన రోజే ముగించాలి.

బ్లేడ్ల వంతు ఇప్పుడొస్తుంది. మూడు బ్లేడ్ల హెడ్ నిమిషానికి 5000 సార్లు తిరుగుతూ, చెక్క నిమిషానికి 6 మీటర్లు సాగితే కోతకూ కోతకూ మధ్య దూరం 0.4 మిల్లీమీటరు, అంటే చేతికి తెలియనంత. మూడింట్లో ఒకటే ఎత్తుగా ఉండి అదొక్కటే చివరి గీత గీస్తే ఆ దూరం 1.2 మిల్లీమీటర్లయి, అలలు కంటికే కనిపిస్తాయి. పొడుగునా సన్నని గట్టులాంటి గీత వస్తే బ్లేడు అంచు పెచ్చు లేచిందని అర్థం. ఒక బ్లేడును కొద్దిగా పక్కకు జరిపితే, తరువాతి పదును దాకా పని నడుస్తుంది. టేకులో సిలికా ఉంటుంది కనుక దాని మీద పదును త్వరగా పోతుంది. యంత్రం వణుకుతుంటే బెల్టు విప్పి చూడాలి. ఏళ్ళ తరబడి కదలకుండా పడున్న బెల్టుకు మడత పడుతుంది. బేరింగులు సాధారణంగా ఏ ఊళ్ళోనైనా దొరికే ప్రామాణిక సైజులే. మోటారు మూలుగుతూ తిరగకపోతే ముందు అనుమానించవలసింది కెపాసిటర్‌ను. అమెరికా మోటారును ఇక్కడికి తెచ్చుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి 60 హెర్ట్జ్‌కు చేసిన మోటారు ఇక్కడి 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, అదనంగా వేడెక్కుతుంది. వోల్టేజి మార్చినంత మాత్రాన ఆ తేడా పోదు.

ఇంత శ్రమ పడేకంటే కొత్తది కొనుక్కోవచ్చు కదా అన్న మాటకు నా జవాబు ఇది. బ్లేడ్లు, బెల్టు, బేరింగులు అరిగే వస్తువులు, వాటిని మార్చడం తేలిక. పోత ఇనుప బల్లలు ఇంటి పనికి అంత తొందరగా అరగవు. కాబట్టి కొనేటప్పుడు మోటారు చప్పుడు కంటే బల్లల మీద నిలిపిన స్టీలు స్కేలుకే ఎక్కువ విలువ ఇవ్వాలి. పైపై తుప్పు సన్న ఎమెరీ కాగితంతో పోతుంది, దాని కోసం బేరం వదులుకోనక్కర్లేదు. గాడి దగ్గరో బల్ల అడుగునో పగులు కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా వద్దనాలి, పగిలిన పోత ఇనుము మళ్ళీ నమ్మదగినంత తిన్నగా రాదు. కట్టర్‌ను కప్పి ఉంచే గార్డు పాత యంత్రాల్లో తరచూ ఊడిపోయి ఉంటుంది. అది లేకపోతే, దొరికేదాకా లేదా చేయించేదాకా ఆ యంత్రానికి కరెంటు ఇవ్వకూడదు.