బీటీ ప్రత్తి: విత్తనములోని రక్షణ ఊరుమ్మడి సొత్తు

తొలకరి సమీపించినప్పుడెల్ల ఏ పేరుగల ప్రత్తి విత్తనము మంచిదని రైతు సోదరులు మమ్ము నడుగుచుందురు. ఆ విత్తనములో నేమున్నది, అది పురుగు నెట్లు చంపును, చంపవలసిన పురుగు చావక యేల మిగులుచున్నది అని యడుగువారు అరుదు. ఈ ప్రశ్నయే ముఖ్యమని తలచి, దీనికి సమాధానము వ్రాయుచున్నాము.

బీటీ యనునది బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి పేరునకు సంక్షేపము. ఇది నేలలో సహజముగా నుండును. పట్టుపురుగులకు వచ్చు నొక తెగులునకు ఇది కారణమని 1901లో జపాను దేశమున ఇషివతా యను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. తరువాత జర్మనీలో బెర్లినరు అను నాతడు దీనిని మరల కనుగొని, తురింజియా సీమ పేరు పెట్టెను. ఈ సూక్ష్మజీవి స్ఫటికమువంటి యొక మాంసకృత్తును తయారుచేయును. పురుగు దానిని తినినచో, కడుపులోని క్షారగుణముచేత స్ఫటికము కరగి, ప్రేగుగోడకు అంటుకొని రంధ్రములు చేయును. పురుగు మేత మాని కొలది దినములలో చచ్చును. మనుష్యుని జీర్ణకోశము ఆమ్లగుణము కలది. ఆ విషము పట్టుకొనుటకు తగిన చోటు మన ప్రేగులలో లేదు.

జీవి శరీరములో ఏ పదార్థ మెట్లు తయారు కావలెనో తెలుపు వ్రాత కణములలో నుండును. ఆ వ్రాతలోని యొక్కొక్క వాక్యము వంటిది జన్యువు. శాస్త్రజ్ఞులు బీటీ సూక్ష్మజీవినుండి విషము చేయు జన్యువును గ్రహించి ప్రత్తి కణములో చేర్చిరి. దానిని మోసికొనిపోవుటకు అగ్రోబాక్టీరియము అను మరియొక నేల సూక్ష్మజీవి ఉపయోగపడెను. మొక్కల మొదళ్లయందు కంతులు పుట్టించునది యిదియే. తన జన్యువులను మొక్కలోనికి పంపుట దాని స్వభావము.

1997-98లో ఓరుగల్లు ప్రాంతమున మందులకై అప్పులుచేసి, పంటయు పోయి, ప్రాణములు తీసికొనిన ప్రత్తి రైతుల సంగతి మనము మరువరాదు. 2002 మార్చిలో ప్రభుత్వము బీటీ ప్రత్తి కనుమతి నిచ్చినప్పుడు మన రైతులు దాని నాదరించుట వింత కాదు. మొదటి రకములో ఒక్క విషజన్యువే యుండెను. రెండు జన్యువులు గలది 2006లో వచ్చెను. శనగపచ్చ పురుగునకు కొట్టు మందులు తగ్గినవి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక వంటి రసము పీల్చు పురుగులపై మాత్రము ఈ విషము పనిచేయదు.

ఆ దినములలో 450 గ్రాముల బీటీ విత్తనముతోడ 120 గ్రాముల నాన్ బీటీ పొట్లము వేరుగా వచ్చెడిది. దానిని పొలము చుట్టును అయిదు సాళ్లు గాని, విస్తీర్ణములో అయిదవ వంతు గాని, ఏది హెచ్చయిన నంత వేయవలెనని నిబంధన. అనేకు లా పొట్లమును గట్టుమీదనే పారవేసిరి. మేమును చూచి యూరకుంటిమి. "పురుగులకు మేత వేయుటకు మా నేల నిత్తుమా?" అని యొక పెద్దాయన అడిగినప్పుడు తగిన యుత్తరము చెప్పలేకపోతిమి. ఆ యుత్తర మిప్పుడు చెప్పుచున్నాము.

లక్షల పురుగులలో విషమునకు తట్టుకొనునవి యేవో కొన్ని పుట్టుకతోనే యుండును. ఊరంతయు బీటీయే యైనచో తక్కినవన్నియు చచ్చి, ఈ మొండివి మాత్రమే మిగిలి, వాటిలో వాటికే జత కుదురును. సంతానమంతయు మొండిదే యగును. ప్రక్కన నాన్ బీటీ సాళ్లున్నచో, అచ్చట పెరిగిన వేలకొలది మామూలు పురుగులతో ఈ మొండివి జతకూడును. తట్టుకొను గుణము సాధారణముగా తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చిననే నిలుచును; కావున అట్టి పిల్లలు బీటీ ప్రత్తి తిని చచ్చును. ఆ సాళ్లలోని మేత పురుగులకు దానము కాదు, విత్తనము శక్తికి కాపుదల.

మనము కాపుదల మానినందుకు ఫలితము వచ్చినది. గులాబీరంగు పురుగు ఒక జన్యువు గల ప్రత్తికి లొంగుట లేదని 2010లో గుజరాతునుండి తెలిసెను. కొలది యేండ్లలో రెండు జన్యువుల ప్రత్తికిని లొంగదాయెను; ఆ కీడు మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర ప్రాంతములకు వ్యాపించెను. పంటను వేసవివరకు పొలములో నుంచుటయు దీనికి తోడ్పడెను. అమెరికాలోని అరిజోనా రైతులు 1996 మొదలు నాన్ బీటీ ప్రత్తిని నియమముగా వేసిరి. 2006 మొదలు, సంతానశక్తి లేని రెక్కల పురుగులను విమానములనుండి విడిచిరి. 2018లో తమ ప్రత్తి సీమలనుండి ఆ పురుగు నిర్మూలమైనదని ఆ దేశ ప్రభుత్వము ప్రకటించెను. పురుగు అదియే, విషము అదియే. భేదము కట్టుబాటులో నున్నది.

గులాబీ పురుగు విషయమున విత్తనము చేయని పని యిక మనమే చేయవలెను. ఇప్పుడు నాన్ బీటీ గింజలను అదే పొట్లములో కలిపి యిచ్చుచున్నారు. రసీదు లేని విడి విత్తనములో నేమి కలదో ఎవ్వరును చెప్పలేరు, కలుపుమందునకు చావదని రహస్యముగా అమ్ము ప్రత్తికి ప్రభుత్వానుమతి లేదు, అట్టివి కొనరాదు. పొలము చుట్టును కంది సాళ్లు వేసినచో శనగపచ్చ పురుగునకు ఆశ్రయ మగును. గులాబీ పురుగు కందిపై బ్రదుకదు. విత్తిన 45 దినములకు ఎకరమునకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టవలెను. బుట్టకు రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పురుగులు పడినను, పూలలో పదింట నొకటి గుడ్డిపూవైనను మందు కొట్టవలసిన సమయము వచ్చినట్లే. డిసెంబరు దాటకుండ పంట ముగించి, మోళ్లు తీసివేయవలెను.

ఒక్కరు చేసిన నిది ఫలింపదు. రెక్కల పురుగునకు గట్టు అడ్డము కాదు. చెరువు తూము నొక్కడు తెరచి పెట్టిన ఊరందరి నీరును పోవునట్లే, ఒక్కని మోళ్లలో దాగిన పురుగు ఊరందరి కాయలను తొలుచును. కావున ప్రతి సంఘమును విత్తుటకు ముందే సమావేశమై, బుట్టలను కలిసి కొనుటకును, పంట ముగించు తేదీ నొకటిగా నిర్ణయించుటకును తీర్మానింప కోరుచున్నాము. శనగపచ్చ పురుగు విషయమున ఈ విత్తనము ఇంకను అక్కరకు వచ్చుచున్నది. అదియు చేజారిన పిమ్మట చింతించి ప్రయోజనము లేదు.