ముక్కు మరచినా తీగ మరవదు

క్రిస్మస్‌కు మెదక్ చర్చి చూద్దామని చుట్టాలు దిగారనుకోండి. ఇల్లాలు పొద్దుటి నుంచీ వంటింట్లోనే ఉంది. గడపలో చెప్పులు విడుస్తూనే ఆడపడుచు అడిగింది: "వదినా, గ్యాస్ వాసన గుప్పుమంటోంది, చూసుకోలేదా?"

"నాకేం రావట్లేదే!" అని వదిన ఆశ్చర్యపోయింది. తీరా చూస్తే సిలిండర్ దగ్గర ట్యూబు వదులై ఉంది.

వదిన ముక్కు చెడిపోయిందా? లేదు. ఒకే వాసనలో చాలాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. మల్లెపూలు పెట్టుకున్నావిడకు కాసేపటికి ఆ పరిమళం తెలియనట్టే ఇదీ. జలుబు చేసినా, వయసు పైబడినా వాసన పట్టే శక్తి తగ్గుతుంది. కోవిడ్ వచ్చినప్పుడు ఎంతమందికి వాసనే తెలియకుండా పోయిందో మనం చూశాం కదా!

అసలు వంటగ్యాస్‌కు చెప్పుకోదగ్గ వాసనే లేదు. లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. గాలిలో గ్యాస్ నూటికి సుమారు రెండు పాళ్లు చేరితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. ఆలోగా చెప్పేదెవరు?

కళాయి తగరమే కాపలా

ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుకోవడం మన అమ్మమ్మలకు బాగా తెలుసు. ఆ తగరమే ఇక్కడా అక్కరకొచ్చింది. జపాన్‌కు చెందిన నవోయోషి తగుచి 1962లో తగరం ఆక్సైడ్‌తో గ్యాస్‌ను పసిగట్టే పరికరానికి రూపమిచ్చారు. 1968లో అది అమ్మకానికి వచ్చింది.

ఎలా పనిచేస్తుందంటారా? తగరం ఆక్సైడ్ సెమీకండక్టర్. దాన్ని వేడిచేసి ఉంచితే గాలిలోని ఆక్సిజన్ పైన అతుక్కుని, లోపలి ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. కరెంటు సరిగా పారదు. వంటగ్యాస్ వచ్చి తగలగానే ఆ ఆక్సిజన్ దానితో కలిసి వెళ్లిపోతుంది. ఎలక్ట్రాన్లు విడుదలై కరెంటు జోరందుకుంటుంది. ఆ తేడాకే అలారం మోగుతుంది.

వెంట్రుకలో వెయ్యో వంతు

కాకరకాయను పెద్ద ముక్కలుగా కోస్తే ఉప్పు పైపైనే పడుతుంది. పల్చటి చక్రాలుగా తరిగితే లోపలిదాకా పడుతుంది. శాస్త్రవేత్తలు చేసిందీ అదే! తగరం ఆక్సైడ్‌ను, జింక్ ఆక్సైడ్‌ను తల వెంట్రుకలో దాదాపు వెయ్యో వంతు సన్నని తీగలుగా పెంచారు. వీటినే నానో తీగలంటారు. అంత సన్నని తీగలో లోపలి భాగమంటూ పెద్దగా ఉండదు. కాస్త గ్యాస్ తగిలినా తీగంతా స్పందిస్తుంది. 2002లో ఇటలీ, అమెరికా పరిశోధకులు నాడాల్లాంటి తగరం ఆక్సైడ్ పోగులతో, వందకోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లే ఉన్న నైట్రోజన్ డయాక్సైడ్ విషవాయువును సైతం గుర్తించే అవకాశం ఉందని చూపారు.

వంటింటికి అంత సూక్ష్మం అక్కర్లేదు కానీ, చిన్న తీగను వేడిచేయడానికి కరెంటు తక్కువ చాలు. బ్యాటరీతో నడిచే పరికరాలకు అదెంతో మేలు.

ఈ తరహా పని మనకు దూరమేమీ కాదు. పాత మెదక్ జిల్లాలోని కందిలో ఉన్న హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులు 2018లో నానో పోగులతో కాగితంలాంటి పొరను తయారుచేశారు. పాలలో ముంచితే రంగు మారుతుంది. ఆ రంగును సెల్‌ఫోన్ కెమెరాతో చూసి కల్తీని కనిపెట్టవచ్చు. అవి గ్యాస్ తీగలు కావు గానీ, వాటికి దగ్గరి చుట్టాలే.

లోపాలూ ఉన్నాయి

ఈ తీగలకు సునిశితత్వం ఎక్కువ, విచక్షణ తక్కువ. స్పిరిట్ ఆవిరికీ, దోమల మందు స్ప్రేకూ కూడా ఉలిక్కిపడవచ్చు. వానాకాలం తేమకు లెక్క తప్పవచ్చు. అందుకే పరిశోధకులు రకరకాల తీగలను పక్కపక్కన పేర్చి, ఏ వాసన ఏదో విడదీసి చెప్పేలా ప్రయత్నిస్తున్నారు.

పసిగట్టడం ఒక ఎత్తు, హెచ్చరించడం మరో ఎత్తు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. జనం నిద్రలో ఉన్నారు. 12 మంది ప్రాణాలు పోయాయి. ఆపదవేళ సైరన్ మోగించలేదని ప్రభుత్వ కమిటీ విచారణలో తేలింది. మోగని అలారం ఉన్నా లేనట్టే!

ఇవి గుర్తుంచుకోండి

* వంటగ్యాస్ గాలి కంటే బరువు. నేల మీదే పరుచుకుంటుంది. అలారం కొంటే నేలకు అడుగు ఎత్తులో పెట్టించండి. అది మోగుతుందో లేదో అప్పుడప్పుడూ పరీక్షించండి.

* గ్యాస్ లీకైందని అనుమానం వస్తే లైటు, ఫ్యాను, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయకండి, వేసి ఉన్నవి ఆపకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరినీ బయటికి తీసుకెళ్లండి. బయటికి వచ్చాకే 1906కు ఫోన్ చేయండి.

* అలారం ఉంది కదా అని పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టడం మానకండి.

అన్నిటికంటే ముఖ్యం, బయటి నుంచి వచ్చినవాళ్లు "వాసన వస్తోంది" అంటే "నాకు రావట్లేదే" అని కొట్టిపారేయకండి. ఆ క్షణాన మీ ముక్కు కంటే వాళ్ల ముక్కే నిజం చెబుతుంది.