పబ్‌జీ: తండ్రి మాట, కొడుకు మాట

సారపాకలో పేపరు మిల్లు షిఫ్టు ముగించుకొని వచ్చిన ఒక తండ్రి నాతో మొరపెట్టుకున్నాడు: "వందమంది దిగి, ఒక్కడు మిగిలేదాకా చంపుకోవడం ఆటేనా, అయ్యగారూ?"

"నలుగురం జట్టుగా ఒకరినొకరం కాచుకుంటామండీ" అన్నాడు కొడుకు. ఇద్దరి మాటా నిజమే.

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీని నిషేధించినప్పుడు పెద్దలు సంతోషించారు. కాని చెప్పిన కారణం దేశ భద్రత, పిల్లల క్షేమం కాదు. 2021లో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022లో మళ్లీ ఆపారు. 2023 మే నెలలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏండ్ల లోపువారికి రోజుకు 3 గంటల హద్దు పెట్టారు. మూడు గంటలు! పదవ తరగతి పిల్లవానికి అది హద్దా?

ఒక ఆట ముగిసేవరకు కొడుకు ప్రక్కన కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

"మిగతా ముగ్గురు ఎవరురా?" అని అడిగాడట. అబ్బాయి ఒక్కరి పేరే చెప్పగలిగాడు.