పిలువని ప్రకటనలు: ఇంటి కంప్యూటరునుండి ఆడ్‌వేరును వదలించుట

గత విద్యాసంవత్సరమున అర్ధసంవత్సర పరీక్షలకు కొలది దినములు ముందు, పదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తండ్రిగారు మధ్యాహ్న విరామ సమయమున నా గదికి వచ్చిరి. వారి చేతిలో ల్యాప్‌టాప్ ఉన్నది. ముఖమున కోపము, అంతకు మించిన సిగ్గు కనబడుచుండెను. “అయ్యవారూ, ఈ పెట్టె ఇంక మా ఇంట్లో ఉండకూడదు. పిల్ల ఏమేమి చూస్తా ఉందో మీరే చూడండి” అని దానిని నా బల్లపై తెరచిరి. తెర వెలుగగానే, పెద్దలైనను చూడరాని బొమ్మలతో కూడిన ప్రకటనలు ఒకదాని వెంట నొకటి రాసాగెను. ఆ బాలిక తలుపు వెలుపల నిలుచుండి యేడ్చుచుండెను. నిజము చెప్పవలెనన్న, ఆ క్షణమున నేనును ఆమెనే అనుమానించితిని.

మా కంప్యూటరు ఉపాధ్యాయుడు యంత్రమును పరీక్షించి, అరగంటలో అసలు సంగతి తెలిపెను. ఆ ప్రకటనలను పిలిచినది బాలిక కాదు. మూడు వారములకు ముందు ఆ యింట ఒక పెండ్లిపత్రికను తెలుగులో టైపు చేయుటకై ఎవరో ఒక ఉచిత తెలుగు టైపింగు సాధనమును దింపుకొనిరి. దానితోపాటు ఊరుపేరు లేని మరి రెండు ప్రోగ్రాములు లోపల ప్రవేశించినవి. ఆ తేదీ చూడగానే తండ్రిగారు మౌనము వహించిరి. ఆ సాధనమును దింపినది తామే.

ఈ సంగతిని వారి యనుమతితోనే ఇచట వ్రాయుచున్నాను. ఇట్టిది ఏ యింటనైనను జరుగవచ్చును. కావున ఆడ్‌వేరు అనగా నేమి, అది ఎట్లు వచ్చును, ఎట్లు పోవును అను విషయములను తల్లిదండ్రులు తెలిసికొనుట మిక్కిలి అవసరము.

ఆడ్‌వేరు స్వరూపము

ప్రకటనలు చూపి, తన్ను తయారుచేసినవారికి ధనము చేకూర్చు ప్రోగ్రామే ఆడ్‌వేరు. ప్రకటన ఒకరి కంటబడినను, దానిపై ఎవరైన నొక్కినను, వారికి కొంత పైకము ముట్టును. వార్తాపత్రికల పుటలలో కనబడు ప్రకటనలన్నియు ఆడ్‌వేరు కావు. అవి ఆ పుటకు చెందినవి, పుట మూయగానే పోవును. ఆడ్‌వేరు అట్లుగాక మన యంత్రములోనే కాపురము పెట్టును. ఏ పుట తెరచినను తన ప్రకటనలను చొప్పించును. బ్రౌజరు యొక్క మొదటి పుటను, వెదకు సాధనమును మార్చివేయును. మనమేమి చూచుచున్నామో గమనించి, ఆ వివరములను ఇతరులకు పంపుటయు కలదు.

అది దొంగవలె గోడ దూకి వచ్చుట అరుదు. తరచుగా మనము “సరే” అన్న పిమ్మటనే వచ్చును. పేరంటమునకు ఒకరిని పిలిచినచో, వారి వెంట ముక్కుమొగము తెలియనివారిద్దరు వచ్చి వంటయింట కూర్చున్నట్లు, ఉచిత ప్రోగ్రాముతో కలిసి లోనికి వచ్చును. స్థాపించునపుడు “నెక్స్ట్” అను మీటను చదువక నొక్కుచు పోయినచో, నడుమ నున్న చిన్న గడిలో ముందుగనే పెట్టియుంచిన టిక్కు గుర్తు మన సమ్మతిగా చెల్లును. రెండవ మార్గము, ఒకే పుటలో నాలుగైదు “డౌన్‌లోడ్” మీటలు చూపి మోసగించుట. వానిలో పెద్దదిగా మెరయునది చాలసార్లు ప్రకటనయే. మూడవది, “మీరు మనుష్యులని నిరూపించుటకు అలౌ నొక్కుడు” అని చెప్పి నోటిఫికేషన్లకు అనుమతి లాగుకొనుట. నాల్గవది, బ్రౌజరుకు తగిలించుకొను ఎక్స్‌టెన్షన్లు. ఐదవది, వెల చెల్లింపక వాడు దొంగ ప్రతులు.

క్రొత్త యంత్రమునకు భయమే లేదనియు తలంపరాదు. 2014 చివర లెనోవో సంస్థ అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల ప్రోగ్రాము ముందుగనే అమర్చబడియుండెను. అది బ్రౌజరులో ప్రకటనలను చొప్పించుటయే గాక, బ్యాంకు మొదలగు వారితో జరుగు వ్యవహారములకు రక్షణయైన ధ్రువపత్రముల ఏర్పాటులో తన సొంత ధ్రువపత్రమును నిలిపి, ఆ రక్షణనే బలహీనపరచెను. 2015 ఫిబ్రవరిలో సంగతి బయటపడగా, దానిని తొలగించు సాధనమును ఆ సంస్థయే విడుదల చేయవలసివచ్చెను.

తొలగించు విధము

మొదట తొందరపడకుడు. “మీ కంప్యూటరుకు వైరసు పట్టినది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు” అని తెరపై వచ్చినచో అది మోసమని తెలియుడు. మైక్రోసాఫ్ట్ సంస్థ తన హెచ్చరికలలో ఫోను నంబరు వేయదు. తెర మూతపడకున్నచో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, టాస్క్ మేనేజరులో బ్రౌజరును ఎన్నుకొని ముగింపవచ్చును. పిదప క్రింది పనులను వరుసగా చేయవలెను. ఇవి విండోస్ 11, క్రోమ్ బ్రౌజరు వాడువారికి చెప్పుచున్నవి.

ఒకటి: క్రోమ్ కుడివైపు మీదనున్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరువుడు. అనుమతి పొందిన పేర్లలో తెలియనివాని నెల్ల తీసివేయుడు. తెర మూలనుండి వచ్చు ప్రకటనలు పెక్కుసార్లు దీనితోనే ఆగిపోవును.

రెండు: అదే మూడు చుక్కలలో ఎక్స్‌టెన్షన్ల జాబితా చూడుడు. మీరు కోరి పెట్టుకొననిదానిని తీసివేయుడు.

మూడు: విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, దానిలో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరచి, జాబితాను స్థాపించిన తేదీ వరుసలో అమర్చుడు. బాధ మొదలైన దినమున వచ్చిన అపరిచిత ప్రోగ్రాములను అన్‌ఇన్‌స్టాల్ చేయుడు. మా పాఠశాలలో ఆ బాలికను నిర్దోషిగా తేల్చినది ఈ తేదీల వరుసయే. ఏదేని ప్రోగ్రాము పేరు అర్థము కానిచో, తీసివేయుటకు ముందు తెలిసినవారి నడుగుడు. యంత్రము నడచుటకు అవసరమైనవియు అందు ఉండును.

నాలుగు: విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్ తెరచి, స్కాన్ ఆప్షన్స్‌లో ఫుల్ స్కాన్ చేయుడు. దీనికి చాల సేపు పట్టును; రాత్రివేళ వదలిపెట్టవచ్చును. పిమ్మట మాల్‌వేర్‌బైట్స్ సంస్థవారి ఆడ్‌వ్‌క్లీనర్ అను ఉచిత సాధనమును వాడవచ్చును. దానిని ఆ సంస్థ సొంత స్థలమునుండియే దింపుకొనవలెను. వైద్యుని పేరు పెట్టుకొని తిరుగు నకిలీలు ఇందును కలరు.

ఐదు: క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ సెట్టింగ్స్ అనుదానిని నొక్కి, బ్రౌజరును మొదటి స్థితికి తెచ్చుడు. గుర్తు పెట్టుకొన్న పుటలు, దాచిన పాస్‌వర్డులు దీనివలన పోవు.

ఇంత చేసినను ఎక్స్‌టెన్షన్ మరల ప్రత్యక్షమైనచో, అదే ఖాతా తెరచియున్న వేరొక యంత్రమునుండి సింక్ ద్వారా వచ్చుచుండవచ్చును. సింక్ ఆపి, రెండు యంత్రములను శుభ్రము చేయవలెను. అప్పటికిని పోనిచో, పిల్లల వ్రాతలను, ఫొటోలను వేరుచోట దాచుకొని, విండోస్‌ను క్రొత్తగా స్థాపించుటయే మార్గము. పని ముగిసిన పిదప ముఖ్యమైన పాస్‌వర్డులను మార్చుట మంచిది.

మరల రాకుండుటకు

యంత్రమున రెండు ఖాతాలు ఉంచుడు. పెద్దలది అడ్మినిస్ట్రేటరు ఖాతా, పిల్లలది స్టాండర్డ్ ఖాతా. అప్పుడు యంత్రమంతటికి చెందు ప్రోగ్రాము ఏది స్థాపింపవలెనన్నను పెద్దల పాస్‌వర్డు అడుగును. విండోస్ సెక్యూరిటీలోని యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో, అక్కరలేని యాప్‌లను అడ్డగించు ఏర్పాటు కలదు. అది పనిచేయుచున్నదో లేదో చూచుకొనుడు. ఏ ప్రోగ్రామునైనను స్థాపించునపుడు “కస్టమ్” అను మార్గమున్నచో దానినే ఎన్నుకొని, ప్రతి గడిని చదువుడు. అప్‌డేట్లను వాయిదా వేయకుడు. విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ తన సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14తో నిలిపివేసినది. ఆ యంత్రములు గలవారు ఈ విషయమును గమనింపవలెను.

మనవంటి వారికి ఇందు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. తెలుగునాటికి వెలుపల నున్న మనకు తెలుగు పుస్తకము వీధి చివరి దుకాణమున దొరకదు. అందుచేత తెలుగు అక్షరములకును, తెలుగు పుస్తకములకును ఇంటర్నెట్టును ఆశ్రయింతుము. “ఉచితము” అను మాట కనబడిన చోటనెల్ల నొక్కుదుము. ఆ యవసరము లేదు. తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉన్నది. 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 అప్‌డేటు మొదలుకొని, ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు ఫొనెటిక్ కీబోర్డు కూడ కలదు. సెట్టింగ్స్‌లోని టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగును చేర్చుకొనిన చాలును. పాత తెలుగు గ్రంథములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోను, తెలుగు వికీసోర్సులోను ఉచితముగా దొరకును. పాఠ్యపుస్తకములకు కేంద్రప్రభుత్వము వారి దీక్షా వేదికను చూడవచ్చును.

ఫోను మాత్రమే గలవారును ఇవే నియమములు పాటింపవలెను. యాప్‌లను ప్లే స్టోరునుండియే తీసికొనుడు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును, అది పెండ్లిపత్రికయని చెప్పినను, తెరువకుడు. మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన, ఆ ధనమును నిలిపివేయుట కంత అవకాశముండును.

తుదిమాట

ఆ దినమున యంత్రము శుభ్రమైన పిదప తండ్రిగారు వెలుపలికి పోయి, కుమార్తె తలపై చేయి వేసి, “నాదే తప్పమ్మా” అనిరి. నేనును ఆమెను పిలిచి, అనుమానించినందుకు క్షమింపుమని కోరితిని. ఆమె ల్యాప్‌టాప్ తీసికొని తరగతికి పోయినది.

తల్లిదండ్రులకు నా విన్నపము ఒక్కటే. ఇంటి తెరపై చెడ్డబొమ్మ కనబడినపుడు పిల్లపై చేయి లేపుటకు ముందు, స్థాపించిన ప్రోగ్రాముల తేదీలను ఒకమారు చూడుడు. యంత్రమున చేరిన మలినము ఒక పూటలో పోవును. చేయని తప్పునకు పడిన మాట పిల్లల మనస్సునుండి అంత త్వరగా పోదు. సందేహమున్నచో శనివారము మధ్యాహ్నము యంత్రమును పాఠశాలకు తీసికొనిరండు. మేము కలిసి చూచెదము.